మాస్టారి ఎర్రసిరా

షీకౌ ఊళ్ళో గెంగ్ మాస్టారి నోటికి జడవనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆయన భార్య. ఆవిడకి ఎడమ చెవి వినపడదు. ఆయన్నెప్పుడూ ఆ చెవి వైపే కూర్చోబెట్టుకుంటుంది. రెండోది నెరిస్. ఈమెకు రెండు చెవులూ భేషుగ్గా పనిచేస్తాయి గానీ, తొమ్మిదేళ్ళలో ఆ నోటి నుంచి ఈమె వైపు ఒక్క తిట్టయినా రాలేదు.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి, కుంచెల దుకాణం పైనున్న మేడగదిలో, కుంచెతో చైనా అక్షరాలు అందంగా రాయడంలో పాఠం. వారమంతా ఇంట్లో రాసిన కాగితాలు తెచ్చి ఎవరి బల్ల మీద వాళ్ళు పరుచుకోవాలి. మాస్టారు ఎర్రసిరాలో ముంచిన సన్న కుంచె పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగుతారు. గీత బాగుంటే దాని చుట్టూ చిన్న ఎర్ర చుట్టు చుడతారు. బాగోకపోతే నోరు తెరుస్తారు. ఎర్రసిరా సీసా ఏడాదికొకటి సరిపోయేది. నోటికి మాత్రం విశ్రాంతి ఉండేది కాదు.

కాంగ్ అనే ఆయన కాగితం మిల్లులో మేస్త్రీ. అక్కడ ఆయన దగ్గితే నలభైమంది పని ఆపి చూస్తారు. ఇక్కడ మాత్రం వానకి తడిసిన పిల్లిలా నిలబడేవాడు. “ఏరా, ఇది అడ్డగీతా, ఎండబెట్టిన ముల్లంగా?” అని మాస్టారు అడిగితే, ముల్లంగే మాస్టారూ అని ఒప్పేసుకునేవాడు. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన హౌకి అరవై దాటాయి. మలుపు దగ్గర బ్రేకు వెయ్యాలని ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదా అని అతనికి వారం వారం అక్షింతలు. సూచిన్ అనే ఆవిడ కూడా, నెరిస్ పనిచేసే టీచర్ల కాలేజీలోనే ఇంగ్లీషు చెబుతుంది, వయసులో నెరిస్ కన్నా నాలుగేళ్ళు పెద్ద. పదహారేళ్ళ కిందట చేరిన కొత్తల్లో మెట్ల మీద కూర్చుని ఏడ్చేదట. తరవాత తరవాత ఇంటికెళ్ళి, కూర తరుగుతూ ఏడవడం అలవాటు చేసుకుంది. ఉల్లిపాయల మీదికి పోతుంది, పనీ అవుతుంది. వీళ్ళకి ఏ వారమైనా ఒక ఎర్ర చుట్టు దొరికితే ఆ పూట ఇంట్లో మాంసం వండించేవారు.

నెరిస్ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన నడుం కాస్త వంగేది. గొంతు మెత్తబడేది. “నియె టీచర్ గారూ, మీరు ఈ వారం కూడా చాలా శ్రమపడ్డారు. బాగుంది, చాలా బాగుంది,” అనేవారు. నియె అన్నది ఊరు ఆమెకిచ్చిన ఇంటిపేరు. ఆ పేరు రాసిన కాగితం మీద ఎర్ర చుట్లు పడుతుంటే చూడాలి, దానిమ్మకాయ ఒలిచి జల్లినట్టు ఉండేది. ఆ పైన ఆయనే లేచి వెళ్ళి, రెండు చేతులతో టీ గిన్నె అందించేవారు. కాంగ్ మేస్త్రీ తన ముల్లంగి వంక చూసుకుంటూ నిలబడేవాడు.

మెచ్చుకోలు మహా చెడ్డది. మొదట నమ్మం. తరవాత అలవాటవుతుంది. ఆ తరవాత ఒకపూట రాకపోతే కూరలో ఉప్పు తక్కువైనట్టు ఉంటుంది. మొదటి ఏడాది నెరిస్ అది మర్యాద అనుకుంది. మూడో ఏడాదికి అనుకోవడం మానేసింది. ఐదో ఏడు వచ్చేసరికి మిగతావాళ్ళని చూసి జాలిపడడం మొదలుపెట్టింది. పాపం కాంగ్, పుట్టిన దగ్గర్నుంచీ కుంచె పట్టుకున్నాడు, ఏం లాభం, చెయ్యి లేదు అనుకునేది.

ఆమె వేల్స్ దేశంలో గొర్రెలు ఎక్కువా మనుషులు తక్కువా ఉండే ఒక కొండపల్లె నుంచి వచ్చింది. ఏడాది ఒప్పందం మీద, ముప్ఫై ఒకటో ఏట, టీచర్ల కాలేజీలో ఇంగ్లీషు సంభాషణ నేర్పడానికి. ఆమెకు ముందు వచ్చిన విదేశీ టీచర్లలో ఒకాయన ఎనిమిది నెలలకే జున్ను దొరకడం లేదని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ ఏడాది నిండగానే షాంఘై అబ్బాయితో షాంఘై వెళ్ళిపోయింది. నెరిస్ ఉండిపోయింది. ఊరి యాస పట్టుకుంది. బూజు పట్టించి వేయించిన టోఫుని మిరపకాయ పచ్చడితో లొట్టలేసుకుంటూ తినేది. బజార్లో బచ్చలికూర అమ్మే ముసలావిడతో బేరమాడి, ఓడిపోయి, మళ్ళీ రేపు వస్తాననేది. ఎండాకాలం సెలవులొస్తే మూడంతస్తుల రైలు బెర్తు మీద ఇరవై గంటలు పడుకుని, పాత రాతిశాసనాలున్న ఊళ్ళకి వెళ్ళేది. షియాన్‌లో అద్దాల వెనకున్న రాళ్ళు, తైషాన్ కొండ మీద మనిషంత అక్షరాలు, అన్నీ చూసింది. రైల్లో ఎదుటి బెర్తువాళ్ళు ఎప్పుడూ అవే నాలుగు ప్రశ్నలు వేసేవాళ్ళు: ఏ దేశం, జీతమెంత, పెళ్ళెందుకు చేసుకోలేదు, పుల్లలతో తినడం వచ్చా. ఆమె సంచిలోంచి తను రాసిన కాగితం తీసి చూపించేది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా చేటలంత కళ్ళు చేసుకుని చూసి, పొద్దుతిరుగుడు గింజలు దోసిళ్ళతో పోసేవాళ్ళు.

ఇంత ఉన్నా ఊళ్ళో ఏ కాగితం మీదా ఆమె పేరు ఒంటరిగా ఉండేది కాదు. కాలేజీ రిజిస్టర్లో విదేశీ నిపుణురాలు నియె. ఆసుపత్రి చీటీ మీద విదేశీ మిత్రురాలు నియె. వీసా ఏడాదికోసారి పుట్టి ఏడాదికోసారి చచ్చేది. పక్కన ఏ తోకా లేకుండా పేరు రాసే చోటు ఒక్కటే ఉంది: గెంగ్ మాస్టారి బీరువాలోని నీలం గుడ్డ అట్ట పుస్తకం. ఐదు తరాల గురువులూ శిష్యులూ, నలభై ఒక్క పేర్లు. మాస్టారి గురువు పోయాక ముప్ఫయ్యేళ్ళుగా అందులో కొత్త పేరు ఎక్కలేదు. ఈ మే నెలలో ఆయనకి వాళ్ళ లెక్కన ఎనభై. ఆ రోజు ముగ్గురిని శిష్యులుగా స్వీకరిస్తానని ప్రకటించారు. మూడుసార్లు మోకరిల్లి, టీ అందించాలి. ఆయన తాగితే పేరు పుస్తకంలో ఎక్కుతుంది. ఆ ముగ్గురు కాంగ్, హౌ, నెరిస్.

గడిచిన చలికాలం వేల్స్‌లో వాళ్ళ ఊరి బడి నుంచి ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరానికి ఆమె రానని రాసి, పోస్టు చేసి, తిరిగొస్తూ కమలాపళ్ళు కొనుక్కుంది. ఆ పుస్తకంలో పేరు పడ్డాక ఇక ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదనుకుంది.

సూచిన్ పేరు జాబితాలో లేదు. ఎందుకని నెరిస్ అడిగితే, “నేను ఎక్కడికి పోతాను, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు,” అని బచ్చలికూర ఏరుకుంటూ చెప్పింది. నెరిస్ ఆ మాటని అంతటితో వదిలేసింది.

అయితే విదేశీ పేరు పుస్తకంలో ఎక్కడమేమిటని ఊళ్ళో కొన్ని గొంతులు లేచాయి. దానికి సాంస్కృతిక కార్యాలయం అధికారి ఒక ఉపాయం చెప్పాడు. వసంతంలో హఫెయ్ నగరంలో రాష్ట్రస్థాయి చేతిరాతల ప్రదర్శన ఉంది. అందులో షీకౌ తరఫున రెండు పటాలకే చోటు. నియె టీచర్ రాసింది అక్కడ గోడకెక్కితే, ఇక్కడ నోళ్ళు వాటంతటవే మూతపడతాయి.

నెరిస్ రెండు నెలలు అదే పని. కొండల్లో వాన మీద నాలుగు పాదాల పాత పద్యమొకటి తీసుకుని, మూడొందల కాగితాలు పాడుచేసింది. చివరికి ఒక ముసురు పట్టిన ఆదివారం, కాగితం కాస్త చెమ్మగిల్లి, చెయ్యి దానంతటదే కదిలినట్టు రాసింది. ఆఖరి వరసలో కుంచె వెంట్రుక ఒకటి ఊడి నిలువుగీతలో అంటుకుపోయింది. తియ్యబుద్ధి కాలేదు, ఉంచేసింది. దాన్ని మాస్టారికి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన చాలాసేపు చూశారు. ఎంతసేపంటే టీ చల్లారిపోయి, ఆయన భార్య వచ్చి గిన్నె మార్చి వెళ్ళింది. తరవాత కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి, పటం కట్టే దోంగ్ దగ్గరికి తనే స్వయంగా తీసుకెళ్తానన్నారు. నెరిస్ ఆ వానలో గొడుగు తెరవకుండానే ఇంటికి నడిచింది.

నెల తిరక్కుండా కబురొచ్చింది. పటం గోడకెక్కింది. పైగా రెండో బహుమతి.

చూడడానికి సూచిన్ కూడా వస్తానంది. రెండు గంటల రైలు. దారంతా నెరిస్ మాట్లాడుతూనే ఉంది. సూచిన్ పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తూ, గింజలు నెరిస్ చేతిలో పోస్తూ, పొట్టు తన ఒళ్ళో పోసుకుంటూ, ఊ అంటూ కూర్చుంది.

ప్రదర్శనశాలలో పటం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దాని ముందు జనం ఉన్నారు. ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని, విదేశీ మనిషి ఇంత పని చేసిందంటే మన పిల్లలు సిగ్గుపడాలి అంటున్నాడు. నెరిస్ ఆయన భుజం పక్కనుంచి చూసింది.

మొదట ఆమెకు సంతోషమే కలిగింది. తను రాసిందే. ఆ నడక తనది, ఆ వంపు తనది. కాసేపు చూశాక, పెళ్ళి ఫోటోలో తన మొహాన్ని చూసుకుని ఇంత బాగున్నానా అనుకునేవాళ్ళకి కలిగే అనుమానం లాంటిది ఒకటి మొదలైంది. ఆఖరి వరస వెతికింది. నిలువుగీతలో వెంట్రుక లేదు. దోంగ్ తీసేసి ఉంటాడనుకుంది. వెంట్రుక తీస్తే దాని కింద గాటు ఉండాలి. గాటు కూడా లేదు.

అప్పుడు ఒక్కో అక్షరమే చూడడం మొదలుపెట్టింది. ‘వాన’ అన్న అక్షరంలో నాలుగు చుక్కలు ఉంటాయి. ఇక్కడ ఆ నాలుగూ కొంచెం ఎడమ పక్కకి జారి ఉన్నాయి. ‘కొండ’లో నడిమి గీత చివర, కుంచె నోరు తెరిచినట్టు, ఒక చిన్న ఆవులింత ఉంది. ప్రతి మలుపులోనూ కుంచె అవసరమైన దానికంటే అరక్షణం ఎక్కువ ఆగి, కాస్త సిరా మింగింది. ఇవన్నీ తప్పులే. పటం మొత్తం మీద తప్పులన్నీ ఎంతో ముచ్చటగా, చెయ్యి తిరిగినవాడు చేసినట్టు ఉన్నాయి. ఆమె సంచిలో రైల్లో చూపించుకునే పాత కాగితం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తీసి పక్కన పెట్టి చూసుకుంది. తన చుక్కలూ ఎడమకే జారాయి. తన నడిమి గీతకీ ఆవులింతే. ఆ జారిన చుక్కల చుట్టూ, ఆ ఆవులింత చుట్టూ, మాస్టారి ఎర్ర చుట్లు.

తను ఎడమకి జారతానని ఆమెకు ఆ క్షణం దాకా తెలీదు. ఆయనకి తెలుసు. తెలియకపోతే అంత అందంగా జారడం సాధ్యం కాదు.

వెనక నిలబడిన సూచిన్, “ఆకలేస్తోంది, పద,” అంది.

వీధి చివర నూడుల్స్ కొట్లో, చిన్న ఎత్తుపీటల మీద కూర్చున్నారు. గిన్నెలు వచ్చాక, ఆ పటం ఎవరు రాశారని నెరిస్ అడిగింది. సూచిన్ వెనిగరు సీసా వంచి, తన గిన్నెలో పోసుకుని, నెరిస్ గిన్నెలోనూ పోసింది. దోంగ్ నువ్విచ్చిన కాగితం విప్పి చూసి, నిజంగా దీన్నే పంపుతారా అని మాస్టారికి ఫోన్ చేశాడని చెప్పింది. ఆ వారమంతా మాస్టారు ఎవరినీ మేడ మీదికి రానివ్వలేదు. కుడి భుజానికి మందుపట్టీ అంటించుకుని ముప్ఫై కాగితాలు రాసి పారేశారు. ముప్ఫై ఒకటో దాన్ని దోంగ్ పటం కట్టాడు. కాంగ్‌కి తెలుసు, హౌకి తెలుసు, సాంస్కృతిక కార్యాలయం ఆయనకి తెలిసినా తెలియనట్టే తెలుసు.

“నీకు?” అని నెరిస్ అడిగింది.

“సిరా నూరింది నేనే.”

నెరిస్ పుల్లలు కింద పెట్టేసింది. సూచిన్ తన పుల్లలతో నెరిస్ గిన్నె అడుగునున్న మాంసం ముక్కని పైకి తీసి ఆమె వైపే జరిపింది, తినమన్నట్టు.

“ఎర్ర చుట్లో?” అంది నెరిస్. “తొమ్మిదేళ్ళు, సూచిన్ అక్కా.”

“ఇంటికొచ్చినవాళ్ళని ఎవరైనా తిడతారా చెల్లీ? నువ్వు తెచ్చిన ప్లం కేకు మా ఇంట్లో నోట పెట్టినవాళ్ళు లేరు. ఎంత బాగుందో అని నాలుగుసార్లు చెప్పాం కదా. నువ్వు క్లాసులో నోరు తెరిచిన ప్రతివాడికీ వెరీ గుడ్ అనవూ?”

“వాళ్ళు పిల్లలు.”

“అవును,” అంది సూచిన్.

కొట్టువాడు పక్క బల్ల తుడుస్తూ, నెరిస్ వైపు చూసి, ఎంత చక్కగా మాట్లాడుతున్నారు మా భాష అన్నాడు. ఇద్దరూ అతనికి థాంక్స్ చెప్పారు.

నెరిస్‌కి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. షీకౌకి రెండు చోట్లు. ఒకటి కాంగ్‌ది. సూచిన్ కూడా ఈ ఏడు ఏదో పంపుతానన్నట్టు గుర్తు. ఏమైందని అడిగింది.

“ఇంట్లో ఉంది. బియ్యం డబ్బా వెనక నిలబెట్టాను, చెమ్మ తగలకుండా.”

“పదహారేళ్ళు నేర్చుకుని, నా పేరు మీద ఆయన రాసిన దానికి సిరా నూరి, నీది బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నావా? ఒక్క మాట చెప్పలేకపోయావా నాతో?”

“చెబితే ఏం చేసేదానివి?”

“ఏడ్చేదాన్ని.”

“అందుకే,” అంది సూచిన్. “నువ్వు ఏడిస్తే ఎలా ఓదార్చాలో మాకెవరికీ తెలీదు. అది మేం ప్రాక్టీసు చెయ్యలేదు.” ఆ తరవాత గిన్నెలోని రసం అడుగంటా తాగేసి, మూతి తుడుచుకుంది. ఆ పూట ఆవిడ కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. కానీ అది వెనిగరు ఘాటని చెప్పే అవకాశం ఉంది కాబట్టి, నెరిస్ అడిగితే అదే చెప్పేది.

తిరుగు రైల్లో ఎవరూ గింజలు ఒలవలేదు.

మాస్టారి పుట్టినరోజు ఆదివారం. అంతకు ముందురోజు, శనివారం, పాఠం అయిపోయి అందరూ దిగిపోయాక నెరిస్ ఉండిపోయింది. అదే పద్యం మళ్ళీ రాసి తెచ్చిన కాగితం బల్ల మీద పరిచింది. ఇందులో ఏం బాగోలేదో చెప్పమంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. బాగుందన్నారు.

“మాస్టారూ, వాన చుక్కలు ఎడమకి జారాయి. నేను అలా జారతానని నాకు హఫెయ్ వెళ్ళేదాకా తెలీదు. మీకు తెలుసు.”

ఆయన కాగితం మీద అరచెయ్యి ఆనించారు.

“జారతాయి,” అన్నారు.

“ఎప్పట్నుంచి?”

“మొదటి శనివారం నుంచి.”

తొమ్మిదేళ్ళలో ఆయన నోటి నుంచి ఆమె విన్న మొదటి పాఠం అది. మరి ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆయన దాచుకోకుండానే చెప్పుకొచ్చారు. కాంగ్ ఉన్నాడు, వాడిని తిట్టినా కొట్టినా ఎక్కడికి పోతాడు, వాడి తాతముత్తాతలు ఈ కొండ మీదే ఉన్నారు, రేపు నా శవపేటికని ఈ కొండ మీదికి మొయ్యాల్సినవాడూ వాడే. మీకు ముందొచ్చిన ఇద్దరూ వెళ్ళిపోయారు. మీరు వచ్చారు, ఏడాదే కదా అనుకున్నాను. పోయే మనిషికి కన్నీళ్ళు కట్టివ్వడం ఎందుకని నాలుగు ఎర్ర చుట్లు చుట్టాను. మరుసటి ఏడు కూడా అదే అనుకున్నాను. ప్రతి వసంతంలో మీ వీసా సంగతి వచ్చినప్పుడల్లా, ఇదే ఆఖరు అనుకునేవాణ్ణి.

“తొమ్మిది వసంతాలు ఉన్నాను మాస్టారూ.”

“ఉన్నారు. ఆలస్యమైపోయింది. ఐదేళ్ళు మెచ్చుకుని ఆరో ఏడు తిడితే, ఆ ఐదేళ్ళూ అబద్ధమని నేను ఒప్పుకోవాలి కదా. మాస్టారుగా ఎలా ఒప్పుకుంటాను?”

నేను రాసింది ఎక్కడుందని అడిగితే బీరువాలో భద్రంగా ఉందన్నారు. దాన్ని పంపి ఉంటే మిమ్మల్ని చూసి నవ్వేవారు, నా కళ్ళెదుట మిమ్మల్ని చూసి నవ్వితే నేనూరుకోలేను అన్నారు. ఆ పైన, పనివాడు పని గురించి మాట్లాడేటప్పుడు వచ్చే ఉత్సాహం ఒకటి ఆయన గొంతులోకి వచ్చింది. “మీలా రాయడం అంత తేలిక కాదు నియె టీచర్ గారూ. చుక్కలు జారడం పట్టుకున్నాను గానీ, ఆ మలుపు దగ్గర ఆగడం ఉంది చూశారూ, దానికి ఇరవై కాగితాలు పట్టింది.”

ఆయన మొహంలో కపటం వెతికింది నెరిస్. కనిపిస్తే బాగుండుననిపించింది. మోసం చేసినవాడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఈ ముసలాయన భుజం నొప్పి పెట్టుకుని, ముప్ఫైసార్లు ఆమె తప్పుల్లోకి దిగి, ఒక్కో తప్పునీ ప్రేమగా దువ్వి, బహుమతి తెచ్చిపెట్టి, ఆమె తొమ్మిదేళ్ళని తుడిచిపెట్టేశాడు. పైగా అలిసిపోయి ఉన్నాడు.

“పోనీ ఇప్పుడు తిట్టండి,” అంది. “కాంగ్‌ని తిట్టినట్టు. ఒక్కసారి.”

ఆయన ఎర్ర కుంచె తీశారు. సిరాలో ముంచారు. కాగితం మీదికి తెచ్చి, గాల్లో ఆపారు. ఒక చుక్క రాలి బల్ల మీద పడింది. కుంచె మళ్ళీ కడిగి, కొక్కేనికి తగిలించేశారు.

“రేపు మీ పేరు పుస్తకంలో ఎక్కుతుంది,” అన్నారు, వీలైనంత మెత్తగా. “ఇంకేం కావాలి మీకు?” టీ గిన్నె రెండు చేతులతో అందించారు. ఆమె అందుకుంది. అందుకోకపోవడం ఎలాగో ఆమెకి తెలీదు.

ఆదివారం మధ్యాహ్నం, నది ఒడ్డున హోటలు మేడ మీద విందు. ఒక పక్కన మాస్టారి గురువుగారి పటం, దాని కింద కుర్చీలో ఎర్ర పట్టు కోటు వేసుకుని మాస్టారు, ఎదురుగా మోకరిల్లడానికి మెత్త. ఆ వారగా కాంగ్, హౌ కొత్త బూట్లలో నిలబడి చెమటలు కక్కుతున్నారు. వాళ్ళ పక్కన మూడో మనిషికి చోటు వదిలిపెట్టి ఉంది.

నెరిస్ నీలం గౌను వేసుకుని వచ్చింది. ఆ వరస వైపు వెళ్ళలేదు. నేరుగా పెద్ద గుండ్రటి బల్ల దగ్గరికి నడిచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అది ముఖ్య అతిథి కుర్చీ. సాంస్కృతిక కార్యాలయం అధికారి కోసం అట్టే పెట్టారు. ఆయన అప్పుడే వచ్చి, ఒక క్షణం నిలబడి, పక్క కుర్చీ లాక్కున్నాడు. విదేశీ ఆడమనిషిని కుర్చీలోంచి లేవమని చెప్పే నియమం ఆ కార్యాలయంలో లేదు.

కాంగ్ మోకరిల్లాడు. టీ ఇచ్చాడు. మాస్టారు తాగారు. హౌ మోకరిల్లాడు, లేవడానికి కాంగ్ చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు తాగారు. అప్పుడు నియె అని పేరు పిలిచారు. నిపుణురాలూ లేదు, మిత్రురాలూ లేదు. ఒట్టి పేరు. అలా వినాలని ఆమె ఎన్నాళ్ళుగా అనుకుందో లెక్కలేదు. లేచి నిలబడింది గానీ, బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. ఆ ఊరి మర్యాద ఎలా ఉండాలో అలాగే, రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి వంగింది.

“నేను దూరం నుంచి వచ్చిన అతిథిని. అతిథి మోకరిల్లితే ఇంటివాళ్ళకి గౌరవం కాదు. పదహారేళ్ళు మాస్టారి తిట్లు తిన్న సూచిన్ అక్క ఇక్కడుండగా ఆ చోట్లో నేను నిలబడితే నాకూ మర్యాద కాదు. మాస్టారు దయచేసి ఆ టీ ఆవిడ చేతి మీదుగా తీసుకోవాలి.”

హాలంతా చప్పట్లు కొట్టింది. కార్యాలయం అధికారి ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. మన సంస్కృతిని ఎంత లోతుగా పట్టుకున్నారో చూశారా అని పక్కాయనతో అన్నాడు. ఒక్క మాటలోనూ తప్పు లేదు, ఒక్క మొహానికీ మచ్చ రాలేదు. కాదనడానికి ఎవరికీ సందు లేదు. కాంగ్ తన కొత్త బూట్ల వంక చూసుకున్నాడు.

మాస్టారు ఆమె వంక చూశారు. మోకాళ్ళ మీదున్న చేతులు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. ఆయనకి అర్థమైంది. తొమ్మిదేళ్ళలో ఆమె రాసినదేదీ ఆయన అంత శ్రద్ధగా చదవలేదేమో.

“సూచిన్, రా,” అన్నారు.

సూచిన్ వంటల వైపు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో టీ కెటిలుతో. కెటిలు ఎవరికో ఇచ్చి, నెరిస్ కుర్చీ వెనకనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. థాంక్స్ చెబుతుందనుకుంది నెరిస్, లేదా తిడుతుందని.

“ఇది మాత్రం నీకెవరూ రాసిపెట్టలేదు,” అంది సూచిన్, పెదాలు కదలకుండా. ఆ గొంతులో ఏముందో నెరిస్‌కి తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు.

సూచిన్ మోకరిల్లింది. మూడుసార్లు నుదురు నేలకి ఆన్చింది. టీ గిన్నె ఎత్తింది. మాస్టారు అందుకోబోయి ఆగారు. “గిన్నె పట్టుకోవడం అదేనా? పదహారేళ్ళు కుంచె పట్టించాను, ఇంకా చీపురు పట్టుకున్నట్టే పట్టుకుంటావేం?” అన్నారు. హాలు గొల్లుమంది. సూచిన్ చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళు సర్దుకుని, తలవంచుకుని, మళ్ళీ ఎత్తింది. మాస్టారు తాగారు. నీలం అట్ట పుస్తకం విప్పి, నలభై నాలుగో పేరు రాశారు.

ఆ పైన వడ్డనలు మొదలయ్యాయి. చివరికి పెద్ద పళ్ళెంలో చేప వచ్చింది, ఆ జిల్లా చేప, ఊరబెట్టి మిరపకాయలతో ఉడికించింది. తెచ్చిన అమ్మాయి బల్ల మధ్య తిరిగే గుండ్రటి పలకని మెల్లగా తిప్పి, చేప తల సరిగ్గా నెరిస్ ఎదురుగా వచ్చేలా ఆపింది. తల ఎవరి వైపుంటే వాళ్ళే ముఖ్య అతిథి. వాళ్ళు మొదట గ్లాసు ఎత్తాలి, మొదటి ముక్క తియ్యాలి. అంతవరకూ బల్ల దగ్గర ఎవరూ ఆ చేపని ముట్టకూడదు. కార్యాలయం అధికారి పుల్లలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు. కాంగ్, హౌ, శిష్యులుగా మొదటి భోజనానికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళ మధ్య సూచిన్. వాళ్ళ పక్కన మాస్టారు, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పదిమందీ చిరునవ్వుతో ఆమె వైపు చూశారు.

నెరిస్ ఒళ్ళో చేతిగుడ్డ పరుచుకుంది. కిటికీలోంచి నది వైపు చూసింది. అవతలి ఒడ్డున కాగితం మిల్లు వాళ్ళు కొండవాలు మీద నార ఎండబెట్టుకున్నారు. ఎండ ఎంత తెల్లగా ఉందో అని పక్కాయనతో అంది. అవునన్నాడాయన. వేల్స్‌లో ఈ నెలలో ఇంత ఎండ ఉండదని చెప్పింది, అక్కడ ఏ నెలలో ఎంత ఎండ ఉంటుందో కూడా వివరంగా చెప్పింది. చేప మీద పొగ సన్నబడి, ఆగిపోయింది. రసం మీద నూనె తెల్లగా పేరుకుంటోంది.

ఆమె తొందరపడలేదు.